ట్రాక్టరుకు ఎంత విలువ రాయాలి

కాలిపోయినవి

చిన్న ట్రాక్టరు ఒకటి, పద్దెనిమిది హార్స్‌పవర్‌ది, కొని నాలుగేళ్లు దాటింది. వెనక టైర్ల జత అంతకు ముందు ఎండాకాలమే మూడు వేల ఎనిమిది వందలు పెట్టి వేయించినవి. కల్లంలో పరిచిన వరి, రాలితే నలభై ఆరు బస్తాలు వచ్చేది, బస్తా ఎనభై చొప్పున మూడు వేల ఆరు వందల ఎనభై. పశువులకు ఏడాదికి సరిపోయే గడ్డి, ఆరు వందలు. పరదాలు రెండు, రెండు వందల నలభై. జల్లెడలు, చాటలు, గంపలు కలిపి యాభై. చెట్టుకు ఆనించి పెట్టిన సైకిలు, పాతది, నూట యాభై. బండి సొంతదారు హర్యా కుడి మోచేతి మీది చర్మం. దానికి నా దగ్గర రేటు లేదు.

ట్రాక్టరును పక్కన పెడితే మొత్తం నాలుగు వేల ఏడు వందల ఇరవై. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి లెక్క ఆగిపోయింది. పాలసీ కాగితం మీద దాని విలువ ఎనిమిది వేలు. ఏడాదికి పది శాతం చొప్పున తరుగు తీసే నా పట్టిక ప్రకారం పందొమ్మిది వేలు. జనగామలో అలాంటి పాత బండి ఆ నెలలో అమ్ముడుపోయిన ధర ముప్పై ఒక్క వేలు. షోరూములో కొత్తదానికి నలభై ఏడు వేలు. హర్యా దాన్ని కొన్నది ఇరవై తొమ్మిది వేలకు.

ఒకే బండికి ఐదు ధరలు. ఐదూ నిజమైనవే. ఇన్సూరెన్సు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ప్రమోషన్ల గురించి, కమీషన్ల గురించి అడుగుతుంటారు. నేను చెప్పగలిగింది ఈ ఐదు ధరల గురించే. చూపు మందగించి యాభై నిండకముందే పని మానుకున్నాను. ఇప్పటికైనా అర్థమైందా అంటే, సగం.

నేను లెక్కలు నేర్చుకున్న గోడ

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి వరంగల్‌లో మా కాలేజీ మూతపడింది. నెల రెండు నెలల్లో తెరుస్తారని జనగామకు వచ్చాను. ఊరికే ఉండలేక స్టేషన్ రోడ్డులో మోటారు సామాన్ల దుకాణంలో బిల్లులు రాయడానికి కూర్చున్నాను. కాలేజీ తెరిచాక నేను పోలేదు. ఎందుకు పోలేదంటే నాకే సరిగా తెలియదు. దుకాణంలో నాకు బాగుంది, అంతే.

ఆ దుకాణంలో ఒక గోడ ఉండేది. ట్రాక్టరు సామాన్ల ధరల పట్టిక కంపెనీ నుంచి వచ్చినప్పుడల్లా మా సేటు పాతదాని మీదే కొత్తది అతికించేవాడు. రెండేళ్లలో ఆ కాగితాల దొంతర నా చిటికెన వేలంత మందం అయింది. పని లేనప్పుడు చివరలు లేపి కింద ఉన్న ధరలు చదివేవాణ్ణి. పిస్టన్ రింగులు అప్పుడెంత, ఇప్పుడెంత, నూటికి ఎంత పెరిగింది అని వేసుకుంటూ శాతాలు, వడ్డీలు, తరుగులు నాకు నేనే నేర్చుకున్నాను. ప్రతి సామానూ ప్రియమవుతూనే ఉండేది. ఒక్కటీ తగ్గినట్టు చూడలేదు.

తర్వాత ఇన్సూరెన్సు ఏజెంటునయ్యాను. అక్కడ నేర్పిన మొదటి పాఠం దీనికి సరిగ్గా ఎదురు. వస్తువు పాతబడేకొద్దీ విలువ తగ్గుతుంది, ఏడాదికి ఇంత అని పట్టిక ఇచ్చారు. గోడ ఒకటి చెప్పింది, పట్టిక ఇంకొకటి చెప్పింది. పట్టిక మీద ముద్ర ఉంది కాబట్టి పట్టికనే నమ్మాను.

మా పై అధికారి ప్రసాదరావు గారిది గుంటూరు వైపు. ఉద్యమం రోజుల్లో పిల్లలను తీసుకుని కొన్ని నెలలు సొంత ఊరు వెళ్లి మళ్లీ వచ్చినవాడు. వచ్చాక మాతో మెల్లగా మాట్లాడేవాడు గానీ నా రిపోర్టుల విషయంలో మెత్తదనం లేదు. "గిట్ల అయింది గట్ల అయింది అని రాయకయ్యా మల్లేశం, పైవాళ్లు నవ్వుతారు" అని ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చేవాడు. మొదట్లో నాకు మంట పుట్టేది. కానీ ఆయన దిద్దిన రిపోర్టు ఒక్కటీ వెనక్కి రాలేదు. మంచి మనిషి, మంచి అధికారి. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయే దానిలో ఆయన చెడ్డవాడిలా కనబడవచ్చు.

బ్యాంకు పేరు

హర్యాది పెద్దవంగర దాటాక ఒక తండా. నీళ్లు పారే తరి మూడెకరాలు, వాన మీద పండే చెలక కొంత. డెబ్బై ఏడులో రెండు జతల ఎడ్లను అమ్మి ఐదు వేలు కట్టి, మానుకోట బ్యాంకులో ఇరవై నాలుగు వేలు లోను తీసుకుని ఆ చిన్న ట్రాక్టరు కొన్నాడు. తండాలో అదే మొదటి బండి. పెద్ద ట్రాక్టర్లు ఆ చిన్న మడికట్లలో తిరగలేవు, ఇది తిరిగేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దున్నడానికి, వరి తొక్కించడానికి పిలిచేవారు.

ఆ రోజుల్లో లోను మీద కొన్న ట్రాక్టరు ముందు భాగాన బ్యాంకు పేరు పెద్ద అక్షరాలతో రాయించేవారు. బాకీ తీరిన నాడు ఆ పేరు గీకేసి, కొబ్బరికాయ కొట్టి, యాటను కోసి, సొంత పేరు రాయించుకునేవారు. నేను అలాంటి విందులు చాలా తిన్నాను. తిన్న ప్రతిచోటా ఒకటి గమనించాను. బ్యాంకు పేరు పోయిన రోజే ఇన్సూరెన్సు కూడా పోయేది. పాలసీ అంటే లోనుకు తోకలాంటిది, బ్యాంకువాళ్ల భయం కోసం బ్యాంకువాళ్లు రాయించుకునేది అని అందరి నమ్మకం. బాకీ లేనివాడికి పాలసీ ఎందుకు? అడిగితే నవ్వేవారు.

హర్యాకు ఆ పేరు గీకేయాలని ఇంకా ఎక్కువ పట్టుదల ఉండేది. దానికి కారణం పక్క ఊరి రాజిరెడ్డి పటేలు. పటేలుకు నలభై ఎకరాలుండేవి, నోటి దురుసు. హర్యా బండి తీసుకుని పొలానికి పోయినప్పుడల్లా ఒకటే మాట.

"అరే హర్యా, బండి నీదా, బ్యాంకుదా? ముంగట పేరు బ్యాంకుదే ఉన్నది గదరా. దానికాడ జీతముంటున్నవా?"

హర్యా నవ్వి ఊరుకునేవాడు. కానీ ప్రతి పంటకూ గడువు రాకముందే కిస్తు కట్టేవాడు. పండుగకు బట్టలు తీసుకోకపోయినా కట్టేవాడు. బ్యాంకు ఫీల్డాఫీసరు అతన్ని మిగతావాళ్లకు చూపించి, ఈయనను చూసి నేర్చుకోండి అనేవాడు.

ప్రతి ఏడాదీ పాలసీ తిరగరాయడానికి నేను మానుకోట పోయేవాణ్ణి. బ్యాంకు పద్ధతి ఏమిటంటే, లోను ఎంత మిగిలితే అంతకే పాలసీ. మొదటి ఏడాది ఇరవై నాలుగు వేలు, తర్వాత ఇరవై, పదహారు, పన్నెండు. అయిదో ఏడు ఎనిమిది వేలకు రాయబోతుంటే నా చేయి ఆగింది. బజారులో ధరలు పెరుగుతున్నాయి, కొంచెం ఎక్కువ రాయిద్దాం, ప్రీమియం వంద రెండు వందలు పెరుగుతుంది అన్నాను.

హర్యా నా వైపు అనుమానంగా చూశాడు. ఏజెంటుకు కమీషన్ ఉంటుందని అతనికి తెలుసు.

"పాత బండికి ధర పెరుగుతదా అన్నా? ముసలెద్దుకు పెరుగుతదా?"

ఫీల్డాఫీసరు నవ్వాడు. నేను నా పట్టిక తీశాను. పట్టికలో కూడా తగ్గే ఉంది. ఏటా తగ్గే అంకెలున్న కాగితం చేతిలో పట్టుకుని పెరుగుతుందని ఎలా వాదించాలి? బాకీ తగ్గింది గదా, పాలసీ కూడా తగ్గించండి అని హర్యానే అడిగాడు. ఎనిమిది వేలకు రాశాము.

కల్లం

వానాకాలం పంట కోసి కల్లాలకు చేర్చిన రోజులు. రాజిరెడ్డి పటేలు కల్లంలో వరి పరిచి, హర్యా బండితో తొక్కిస్తున్నారు. వెనకట ఎడ్లతో బంతి తిప్పేవారు, అదే పద్ధతిలో ట్రాక్టరు గుండ్రంగా తిరుగుతుంది, చక్రాల కింద వడ్లు రాలుతాయి. తొందరగా అవుతుంది. కానీ ఎండిన గడ్డి ఇరుసుకు చుట్టుకుంటుంది. హర్యా బండి సైలెన్సరు కిందివైపు ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక చుట్టుకున్న గడ్డి కోయడానికి అతను బండి ఆపి కొడవలి పట్టుకుని కిందికి వంగాడు. ఇంజను తిరుగుతూనే ఉంది. గడ్డి అక్కడే అంటుకుంది.

బావి దగ్గర మోటరుంది గానీ కరెంటు లేదు. బిందెలతో నీళ్లు తెచ్చేలోపు కల్లమంతా అంటుకుంది. బండిని బయటికి తెద్దామని హర్యా మళ్లీ ఎక్కబోతే పటేలే అతని నడుం పట్టి లాగాడట. ఈ సంగతి నాకు పటేలు చెప్పలేదు, హర్యా చెప్పాడు.

మూడో రోజున సర్వేయరుతో కలిసి నేను వెళ్లాను. నష్టాన్ని కళ్లతో చూసి అంకె వేయడం ఆయన పని, కొలతలు రాసుకోవడం నాది. బూడిదలో బండి నల్లగా నిలబడి ఉంది. టైర్లు లేవు, సీటు లేదు, వైర్లు లేవు, స్టీరింగు చక్రం వంగిపోయింది. బ్యాంకు పేరు రాసిన రేకు మీద రంగు బుడగలై లేచింది, పేరు మాత్రం ఇంకా చదవవచ్చు.

సర్వేయరు చెప్పిన దానిలో దాపరికం ఏమీ లేదు. కంపెనీ పూచీ ఎనిమిది వేలు, అంతకు మించదు. దారులు రెండు. మొదటిది, కాలిన బండిని కంపెనీకి ఇచ్చేస్తే ఎనిమిది వేలూ వస్తాయి. రెండోది, బండిని హర్యా ఉంచుకుంటే దాని పాత ఇనుము విలువ మూడు వేల అయిదు వందలు మినహాయించి నాలుగు వేల అయిదు వందలు వస్తాయి. ఏ దారైనా డబ్బు ముందు బ్యాంకుకే పోతుంది. బ్యాంకు బాకీ ఏడు వేల ఆరు వందల నలభై.

నేను కల్లం గట్టు మీద కూర్చుని రెండూ వేసి చూపించాను. మొదటి దారిలో బాకీ పూర్తిగా తీరి మూడు వందల అరవై చేతికి వస్తుంది. రెండో దారిలో బండి మిగులుతుంది, మూడు వేల నూట నలభై బాకీ కూడా మిగులుతుంది, బాగు చేయించడానికి ఇంకెంత అవుతుందో తెలియదు. కాలిన బండి మీద బ్యాంకు మళ్లీ లోనివ్వదు. ఏది మేలని అతను అడిగాడు. లెక్క వేయగలను, మేలు చెప్పలేను అన్నాను. అది తప్పించుకోవడం కాదు, నిజంగా తెలియలేదు.

హర్యా భార్య మంగ్లి అంతసేపూ వెనక నిలబడి వింటోంది. ఆమెకు తెలుగు తెలుసు, కానీ మా ముందు మాట్లాడదు. తమ భాషలో హర్యాతో ఏదో అంది. అతను బండి వైపే చూస్తున్నాడు. మళ్లీ అంది. అప్పుడు నా వైపు తిరిగి, చెప్పడం ఇష్టం లేనట్టుగా చెప్పాడు.

"కిస్తులు కట్టకుంట ఉంటె మంచిగుండెనా అని అడుగుతాంది అన్నా."

సర్వేయరు తన సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. నేను వేశాను. ఒక్క కిస్తూ కట్టకపోతే లోను ఇరవై నాలుగు వేలు, పాలసీ ఇరవై నాలుగు వేలు. కంపెనీ ఇచ్చిందంతా బ్యాంకుకు పోయి బాకీ తీరేది. అసలుకు కట్టిన పదహారు వేలు వీళ్ల ఇంట్లోనే ఉండేవి. అంటే కట్టకపోతేనే మంచిగుండేది. వడ్డీ పెరిగేది, జప్తు నోటీసులు వచ్చేవి, అది వేరే. కానీ నేను వేసిన లెక్కలో తప్పు లేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. నా ముఖం చూసి ఆమెకు తెలిసే ఉంటుంది, ఎందుకంటే మళ్లీ అడగలేదు.

హర్యా మొదటి దారి తీసుకున్నాడు. "నాకు బాకీ లేదన్న కాగితం కావాలె" అన్నాడు. నాలుగేళ్లు దానికోసమే కష్టపడ్డవాడు మరి. మానుకోటలో ఫీల్డాఫీసరు ఆ కాగితం చేతికిచ్చి, అలవాటు కొద్దీ చేయి కలిపి అభినందించాడు. హర్యా కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు.

"బాకీ లేదు, బండి లేదు. మరి ఇన్నేండ్లు నేను కట్టింది దేనికి సారు?"

ఫీల్డాఫీసరు తర్వాతి ఫైలు తెరిచాడు. బయటికి వచ్చాక నాకు చాయ్ తాగిస్తానన్నాడు హర్యా. తాగాము. డబ్బులు అతనే ఇచ్చాడు, నన్ను ఇవ్వనివ్వలేదు.

జనగామ వేలం

కాలిన బండిని లారీ మీద జనగామకు తెచ్చి కంపెనీ వేలం వేసింది. మూడు వేల అయిదు వందలని సర్వేయరు అనుకున్నది తొమ్మిది వేల రెండు వందలకు పోయింది. కొన్నవాడు మెకానిక్ యాకూబ్. నేను దుకాణంలో ఉన్నప్పటి నుంచి ఎరిగినవాడు. ఇంత పెట్టి ఎందుకు కొన్నావని అడిగితే నా తెలివితక్కువకు జాలిపడ్డాడు.

"పైపైన కాలింది మల్లేశం భాయ్, లోపల ఇంజను సలామత్ ఉన్నది. కొత్త బండికని షోరూముల పేరు రాయిస్తె రెండేండ్లు ఆగాలె. రైతుకు దున్నుడు రెండేండ్లు ఆగుతదా?"

నేను పన్నెండేళ్లుగా అర్థం చేసుకోలేనిది అతను ఒక్క మాటలో చెప్పాడు. కొత్తది దొరకదు, దొరికినా ధర అందదు, అందుకే పాతది ప్రియం. నా పట్టిక తయారుచేసినవాడు ఎక్కడో కూర్చుని ఇనుము అరిగిపోవడం ఒక్కటే చూశాడు. మనిషి ఎదురుచూడటం చూడలేదు.

నన్ను పట్టుకున్నది వేరే సంగతి. కంపెనీ ఇచ్చింది ఎనిమిది వేలు. వేలంలో వచ్చింది తొమ్మిది వేల రెండు వందలు. అంటే బండి కాలిపోయినందుకు కంపెనీకి పన్నెండు వందలు మిగిలాయి. మూడుసార్లు వేశాను, అంతే వచ్చింది. ఆ పన్నెండు వందలు హర్యావి కావా అని ప్రసాదరావు గారిని అడిగాను.

"తక్కువకు పోయిన వేలాలు ఎన్ని లేవయ్యా? ఆ తేడా ఎవరింటికెళ్లి వసూలు చేద్దామంటావు?" అన్నాడు. కోపంగా కాదు. కూర్చోబెట్టి, అయిదారు పాత వేలాల వివరాలు తీయించి చూపించాడు. అన్నింట్లో కంపెనీకే నష్టం. మొత్తంగా చూస్తే ఆయన చెప్పింది నిజం. హర్యా ఒక్కడినే చూస్తే నేను చెప్పింది నిజం. పైకి రాయమంటావా అని కూడా అడిగాడు. రాశాడు కూడా. నిబంధనల ప్రకారమే జరిగిందని జవాబు వచ్చింది. ఆ పన్నెండు వందలు ఎవరివన్నది ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్తే వింటాను.

భూపాలపల్లిలో అదే బండి

యాకూబ్ ఆ బండికి టైర్లు, వైర్లు, సీటు, స్టీరింగు, రంగు అన్నీ కలిపి పద్నాలుగు వేలు పెట్టి, భూపాలపల్లి మనిషికి ముప్పై మూడు వేల అయిదు వందలకు అమ్మాడు. కొన్నవాడి పేరు ఓదెలు. కొత్తగా తీస్తున్న బొగ్గు బావుల్లో పని దొరికినవాడు, తమ్ముడికి సేద్యానికని కొన్నాడు. పాలసీ రాయించడానికి యాకూబ్ నన్నే పంపించాడు. అప్పటికి కొత్త బండి ధర యాభై రెండు వేలకు చేరింది.

హర్యా తక్కువ రాయించుకుని దెబ్బతిన్నాడు గదా, ఇక్కడ నేను జాగ్రత్తగా ఉండాలనుకున్నాను. అవసరం రాలేదు. ఓదెలే ముందు అన్నాడు, యాభై రెండు వేలకు రాయమని. పోతే మళ్లీ కొత్తది కొనాలి గదా అన్నాడు. న్యాయమైన మాట. కానీ పాలసీ షరతు అలా లేదు. రాసిన విలువ, పోయిన నాటి బజారు విలువ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. యాభై రెండు రాసినా వచ్చేది ముప్పై మూడే, ప్రీమియం మాత్రం యాభై రెండుకు పడుతుందని వివరించాను.

ఓదెలు వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "అంటె తక్కువ రాస్తె తక్కువిస్తరు, ఎక్కువ రాస్తె గూడ తక్కువనే ఇస్తరు. మీ కంపెనీ అచ్చం మా బావ లెక్కనే ఉన్నది మల్లేశన్నా" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. వాళ్ల బావ కూడా అక్కడే ఉన్నాడు, ఆయనా నవ్వాడు.

ఎంత రాయాలో ఆ రోజు నాకు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. తర్వాత పదేళ్లు దాన్నే పాటించాను. ఇది మాత్రం మీకు గట్టిగా చెప్పగలను. పాలసీ తిరగరాసే నెలలో పట్టిక తీయకండి. జనగామ పోయి, అలాంటి బండి అమ్మేవాడు ఎంత అంటున్నాడో, కొనేవాడు ఎంత అంటున్నాడో అడగండి. రెండింటి నడుమ అంకె రాయండి. ప్రతి ఏడాదీ మళ్లీ పోయి అడగండి, నిరుటిది పనికిరాదు. లోను ఎంత మిగిలింది అన్నది అసలు చూడకండి. బ్యాంకు తన బాకీ వరకే తీసుకుంటుంది, మిగిలింది రైతుకు వస్తుంది. హర్యా బండికి ముప్పై ఒక్క వేలు రాసి ఉంటే బ్యాంకుకు పోను ఇరవై మూడు వేల మూడు వందల అరవై అతని చేతికి వచ్చేవి. దానికి ఏడాదికి రెండు వందలు కూడా ఎక్కువయ్యేది కాదు.

కానీ ఇరవై మూడు వేలతో కొత్త బండి రాదు. సరిగ్గా రాసినా కొత్తదానికి సగమే. మిగతా సగానికి ఏ పాలసీ ఉందో నేను చూడలేదు. అందుకే సగం అర్థమైందన్నాను.

వడ్లకు వడ్లు

బ్యాంకు సంగతి తేలింది, కంపెనీ సంగతి తేలింది. రాజిరెడ్డి పటేలు వడ్లు మిగిలాయి. పటేలు అడగలేదు. హర్యానే నన్ను వెంటబెట్టుకుని ఆయన వాకిట్లోకి పోయాడు, లెక్క తేల్చమని. నలభై ఆరు బస్తాలన్నది పటేలు ఒప్పుకున్నాడు, హర్యా ఒప్పుకున్నాడు. నాకు తెలిసిన పద్ధతిలో నేను చెప్పాను. ఆ ఏటి ధర బస్తాకు ఎనభై, మొత్తం మూడు వేల ఆరు వందల ఎనభై అని రాసుకుందాం, మెల్లగా కట్టుకోవచ్చు. ధరలు పెరుగుతున్న కాలంలో అప్పు రూపాయల్లో ఉంటేనే అప్పున్నవాడికి లాభం. హర్యా మేలు కోరే అన్నాను.

"కాలినయి పైసలు గాదు గదన్నా, వడ్లు. వడ్లే ఇస్త" అన్నాడు హర్యా.

పటేలు గొంతు సవరించుకున్నాడు. నీ బండే కాలిపోయింది, నువ్వేమిస్తవురా అన్నట్టుగా ఏదో గొణిగి, నీ ఇష్టం అని లోపలికి పోయాడు. ఆ రోజు నుంచి బండి గురించి పటేలు ఒక్క ఎగతాళి కూడా చేయగా నేను వినలేదు.

హర్యా మళ్లీ ఒక జత ఎడ్లను కొన్నాడు, అప్పు చేసి కాదు, చెలకలో కొంత అమ్మి. మూడెకరాల్లో పండినదాంట్లో ఇంటికి పోను ఒక పంటకు నాలుగు బస్తాలు, ఒక పంటకు రెండు, ఒక పంటకు ఏమీ లేక, అలా కొలిచి ఇస్తూ వచ్చాడు. వడ్ల ధర ఎనభై నుంచి తొంభై అయింది, నూరు దాటింది, నూట ఇరవైకి వచ్చింది. నిరుడు కూర్చుని అతను ఇచ్చినవన్నీ ఏ ఏటి ధర ఆ ఏటికి వేసి కలిపాను. మూడు వేల ఏడు వందలు దాటింది. రూపాయల లెక్కలో అతని బాకీ తీరిపోయింది, కొంచెం ఎక్కువే ఇచ్చాడు. ఈ సంగతి చెప్పడానికే తండాకు పోయాను.

మంగ్లి మంచం వాల్చి నీళ్లిచ్చింది. హర్యా అంతా విని, నేను వేసిన అంకెలను తప్పు పట్టలేదు.

"పైసల లెక్క నీది, వడ్ల లెక్క నాది అన్నా. ఆయన వడ్లు పోయినయి, ఆయన వడ్లు ఆయనకు రావాలె."

తిరిగి వస్తూ పటేలు ఇంటి ముందు ఆగాను. ఇప్పుడు ఆయనకు మోకాళ్లు పని చేయడం లేదు, వాకిట్లో కుర్చీలోనే ఉంటాడు. మిగతావి వదిలేయకూడదా పటేలా అని అడిగాను. "ఇడిసిపెడ్తనంటె వాడు ఇంటలేడు మల్లేశం. మొన్న బస్తాలు వాపస్ పంపితె మల్ల తెచ్చి అరుగు మీద ఏసిపోయిండు" అన్నాడు.

వడ్లు పోతే వడ్లే రావాలని ఆ మనిషికి ఎవరూ నేర్పలేదు. బండి పోతే బండి రావాలని మాత్రం అతనికిగానీ, బ్యాంకుకుగానీ, పట్టిక పట్టుకుని తిరిగిన నాకుగానీ ఎందుకు తోచలేదో ఎన్నిసార్లు ఆలోచించినా తేలదు. బస్సు కోసం నిలబడ్డ చోట అదే ఆలోచిస్తూ ఒక బస్సు వదిలేసుకున్నాను.

ఇప్పటిదాకా హర్యా ఇచ్చినవి ముప్పై అయిదు. ఈ ఏటి వరి ఇంకా కోయలేదు. బాకీ పదకొండు బస్తాలు.